కోన్‌ఫ్లవర్ విత్తనాల పొట్లం గారికి

మహారాజశ్రీ పొట్లం గారికి,

చికాగో శివారు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆకులు మరీ క్షేమం.

మొన్న శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఈసారి అమ్మవారికి కొన్న పూలు పెట్టను, మా పెరట్లో పూసినవే పెడతానని మార్చిలోనే వాట్సాప్ గ్రూపులో చాటింపు వేశాను. తమరి మీది బొమ్మ చూసే వేశాను. గులాబీ రంగు రేకులు, నడుమ రాగి చెంబులా మెరిసే బొడిపె, కింద పెద్ద అక్షరాల్లో ‘పెంచడం సులభం’. తీరా పేరంటానికి వచ్చిన పిన్నిగారొకరు పెరట్లోకి తొంగిచూసి, ‘ఇదేం కూరమ్మా? పప్పులోకి బాగుంటుందా?’ అన్నారు.

సులభం అంటే ఏమిటో మా అమ్మని చూసి నేర్చుకున్నదాన్ని. దసరాకి గుమ్మానికి కట్టిన బంతిదండ ఎండిపోతే నలిపి గోడ పక్కన విసిరేసేది. తొలకరికి అవే మొలిచేవి, అవే పూసేవి. బంతికి ఫ్రిజ్ అక్కర్లేదు. తమరికి కావాలి! చలికాలం గడిచిపోయిందని గింజని నమ్మించాలట. తడి ఇసుకలో కలిపి, జిప్ కవర్లో పోసి, 30 రోజులు ఇడ్లీపిండి పక్కన పెట్టాను. మావారు అది చూసి ఉప్మారవ్వకి చెమ్మ పట్టిందనుకుని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళారు.

50 గింజల్లో 19 మొలిచాయి. నారుకుళ్ళు కొన్నిటిని తీసుకుంది, కుందేళ్ళు కొన్నిటిని (వాళ్ళకి వేరే ఉత్తరం రాస్తాను). మిగిలినవి 6. మే మధ్యలో మంచు భయం పోయాక నేలలో నాటాను. జూన్‌లో ఆకులు. జూలైలో ఆకులు. ఆగస్టులో అరచేయంత ఆకులు, గరుగ్గా, పిల్లి నాలుకలా. ఎరువు తక్కువైందా, నీళ్ళు ఎక్కువయ్యాయా అని ఒకటే టెన్షన్.

అందరూ తాంబూలాలు తీసుకుని వెళ్ళాక, ఆ మధ్యాహ్నమంతా తమరిని చదువుతూ కూర్చున్నాను. బార్‌కోడ్ పక్కన, జిగురంటిన మడత కింద, ఫోన్లో జూమ్ చేస్తే గానీ కనపడని అక్షరాల్లో ఉంది: ‘సాధారణంగా రెండో ఏడాది పూస్తుంది.’

రెండో ఏడాదా! బొమ్మ ముందు పెట్టి ఏడాదిని మడతలో దాస్తావా? పెళ్ళిచూపుల్లో సూటు ఫోటో చూపించి, తాళి కట్టాక ‘అబ్బాయికి ఉద్యోగం వచ్చే ఏడాది’ అన్నట్టుంది నీ వరస. మొదటి ఏడాదంతా వేరు గట్టిపరుచుకుంటుందట. ఇక్కడి చలికి పైనంతా మాడిపోయినా వేరు చావక, మళ్ళీ వసంతానికి లేచి, ఏళ్ళ తరబడి పూస్తుందట. సంతోషం! ఆ ముక్క బొమ్మ కిందే వేస్తే నీ సొమ్మేం పోయింది? నేను గ్రూపులో నోరు జారేదాన్నా? హడావుడిలో ధర స్టిక్కర్ కూడా పీకకుండా అమ్మవారి ముందు సూపర్‌మార్కెట్ చామంతులు పెట్టేదాన్నా?

కోపం ఆగక శనివారం పొద్దున్నే వాటిని పీకేద్దామని వెళ్ళాను. నీళ్ళు పోసి వచ్చాను.

నిన్న పిన్నిగారు పులిహోర డబ్బా తిరిగివ్వడానికి వచ్చి, పనిలో పనిగా నాలుగాకులు తుంచబోయారు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. ‘అది కూర కాదు పిన్నిగారూ, పూలమొక్క.’

‘పూలేవీ?’ అన్నారు.

వచ్చే శ్రావణానికి రమ్మన్నాను.

ఇట్లు,
ఆరు మొక్కల ఆసామి