వెబ్ ఆప్షన్లకు ముందే లెక్క చెప్పాలి

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు చేతికొచ్చిన రోజు నుంచి, కాలేజీ, బ్రాంచి వరస ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లు ముగిసే రోజు దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తుందా, రాదా? ఏ కాలేజీలో, ఎవరు పాఠం చెబుతారు, నాలుగేళ్లలో ఏం నేర్పుతారు అన్నవి తర్వాతి సంగతులు. సీఎస్‌ఈ రాకపోతే ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్), అదీ దొరక్కపోతే డేటా సైన్స్, ఆ తర్వాత సైబర్ సెక్యూరిటీ, ఐటీ. బ్రాంచి పేరులో ఎక్కడో ఒకచోట కంప్యూటర్ వాసన తగిలితే చాలు. ఈ పేర్లన్నింటిలో మొదటి రెండేళ్ల పాఠాలు చాలావరకు ఒకటేనని సీటు వచ్చి, క్లాసులు మొదలయ్యాక గానీ చాలామందికి తెలియదు.

ఈ ఆరాటాన్ని మేము ఎగతాళి చేయబోవడం లేదు. ఈ జిల్లాలకు వలస కొత్త కాదు. మన తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. పల్లెల నుంచి హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రైలెక్కుతాయి. విజయనగరం చుట్టుపక్కల జ్యూట్ మిల్లులు ఎన్నిసార్లు మూతపడి ఎన్నిసార్లు తెరుచుకున్నాయో కార్మికులకు తెలుసు. ఊరు విడిచి వెళ్లినా తల ఎత్తుకుని తిరిగొచ్చే వలస ఒక్క సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఇంజినీర్లయ్యారు. ఊళ్లో పెంకుటింటి స్థానంలో శ్లాబు వేసిన ఇల్లు ఎవరిదని అడిగితే బెంగళూరులో ఉన్న కొడుకుదో, హైదరాబాద్‌లో ఉన్న కూతురిదో అంటారు. "మెకానికల్ తీసుకుంటే ఏటొస్తాది?" అని తండ్రి అడిగితే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. కళ్లతో చూసినదాన్ని బట్టే ఆయన అడుగుతున్నాడు.

చిక్కేమిటంటే, ఆయన చూసిన లోకం పదేళ్ల కిందటిది.

పెద్ద ఐటీ కంపెనీలు వందలాదిమందిని ఒకేసారి తీసుకునే ఉద్యోగాల్లో మొదటి జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే దశాబ్దానికి పైగా ఆగిపోయింది. ఈలోగా హైదరాబాద్‌లో పీజీ హాస్టల్ అద్దె ఆగలేదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల వాళ్లు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత, కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి ఏడాదిలో ఇచ్చే చిన్న చిన్న పనులు, అంటే టెస్టులు రాయడం, పాత కోడ్‌లో తప్పులు దిద్దడం లాంటివి, ఏఐ సాధనాలు చకచకా చేసేస్తున్నాయి. ఉద్యోగాలు మాయమైపోతాయని మేము చెప్పడం లేదు. సర్టిఫికెట్ చూసి తీసుకుని, ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పించే రోజులు మాత్రం సన్నగిల్లుతున్నాయి.

ఇంకోవైపు విశాఖ వార్తలు ఆశ పెంచుతున్నాయి. 2023లో ఇన్ఫోసిస్ అక్కడ కార్యాలయం తెరిచింది. 2025లో టీసీఎస్‌కు రుషికొండ దగ్గర 99 పైసలకే భూమి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచి "ఇంక మన పిల్లలకు ఢోకా లేదు, సీఎస్‌ఈ చదివిస్తే ఎదురుగా గూగులే" అన్న మాట టీ కొట్ల దగ్గర కూడా వినపడింది. డేటా సెంటర్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. అది వేలమంది కూర్చుని ప్రోగ్రాములు రాసే ఆఫీసు కాదు. లోపల వరసగా సర్వర్లు, వాటికి నిమిషం కూడా ఆగకూడని కరెంటు, వాటి వేడిని లాగేసే చల్లదనపు ఏర్పాట్లు, సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు. కట్టేటప్పుడు సివిల్ వాళ్లు కావాలి. నడిపేటప్పుడు సబ్‌స్టేషన్లు, జనరేటర్లు, యూపీఎస్‌లు, చిల్లర్లు చూసే ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు, డిప్లొమా, ఐటీఐ వాళ్లు కావాలి. నెట్‌వర్కులు, సర్వర్లు చూసే కంప్యూటర్ వాళ్లూ ఉంటారు గానీ, భవనం ఎంత పెద్దదో ఆ సంఖ్య అంత పెద్దది కాదు. గూగుల్ పేరు చూసి ఈఈఈ (ఎలక్ట్రికల్) సీటు వదులుకుని సీఎస్‌ఈ కోసం పరుగు తీస్తున్న పిల్లవాడికి ఈ ముక్క చెప్పేవాళ్లు లేరు.

ఈ వార్తలన్నీ సీట్ల మీద పడ్డాయి. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించరాదన్న పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, తన షరతులు నెరవేర్చిన కాలేజీలకు ఎత్తేసింది. డిమాండు ఉన్నచోట సీట్లు పెంచుకోవడం వ్యాపార లెక్క. సివిల్, మెకానికల్ సెక్షన్లు మూసి సీఎస్‌ఈ సెక్షన్లు తెరవడానికి ఒక వేసవి సరిపోతుంది. సీఎస్‌ఈ చెప్పే మాస్టారు తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ నిబంధనే. సబ్జెక్టు బాగా వచ్చిన ఎంటెక్ కుర్రాడు కంపెనీ జీతం వదులుకుని, కాలేజీ ఇచ్చే జీతానికి పాఠం చెప్పడానికి ఎందుకు వస్తాడు? తనిఖీ కమిటీ వచ్చే రోజు జాబితాలో కనిపించే పేర్లు వేరు, సోమవారం ఉదయం క్లాసులో కనిపించే మనుషులు వేరు అని విద్యార్థులే బాహాటంగా చెప్పుకొంటున్నారు.

విద్యార్థి వైపు నుంచి చూస్తే ఇంకా విచిత్రం. మన ఇంటర్ ఎంపీసీ ప్రధాన సబ్జెక్టుల్లో కంప్యూటర్ సైన్స్ లేదు. సీబీఎస్ఈలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లు పదకొండు, పన్నెండు తరగతుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి వస్తారు. మన పిల్లలు మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటారు, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో బిట్లు చేస్తారు, ఒక్క ప్రోగ్రామైనా రాయకుండానే జీవితాంతం ప్రోగ్రాములు రాసే పనికి ఆప్షన్ పెడతారు. పరీక్షలో చాయిస్‌లో మాత్రికలు, సంభావ్యత వదిలేసి గట్టెక్కినవాళ్లే ఏఐ అండ్ ఎంఎల్ సీటు కోసం పోటీపడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ కోర్సు చాలావరకు నిలబడేది ఆ రెండు పాఠాల మీదే.

దీనికి పెద్ద ఖర్చు లేని మందు ఉంది. ఇంటర్ పరీక్షలకూ కౌన్సెలింగ్‌కూ మధ్య వారాలకు వారాలు ఖాళీ దొరుకుతుంది. ఎవరిదైనా ఒక ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదికలు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లలో ఉచితంగా ఉన్న పాఠాలు వింటూ రోజుకు గంటో రెండు గంటలో పైథాన్ ప్రయత్నించవచ్చు. తరగతిలోని అందరి మార్కులు తీసుకుని మొత్తం కట్టి, ర్యాంకుల వరస పెట్టే చిన్న ప్రోగ్రాం చాలు. అది మొదటిసారే నడవదు. ఎక్కడో ఒక కోలన్ మరిచిపోతారు, ఇద్దరికి ఒకే మార్కులొస్తే వరస తప్పుతుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతుకుతూ గంటసేపు కూర్చోగలిగారా, పది నిమిషాలకే విసుగొచ్చి మూసేశారా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ పనికి ఓపికే మొదటి అర్హత. విసుగొచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. వాళ్ల దారి వేరని నాలుగేళ్లకు బదులు నాలుగు వారాల్లో తెలియడం లాభమే కదా.

అంత ఆలోచనకు చోటివ్వకుండా మధ్యలో ఇద్దరు దూరుతున్నారు. ఒకరు కాలేజీల పీఆర్వోలు. ఫలితాలు రాకముందే ఫోన్ నంబర్లు సంపాదించి, ఇంటికి వచ్చి, బ్యాగులు, బస్సు ఫీజు రాయితీలు చూపించి, ఆఖరికి ఆప్షన్లు తామే పెడతామంటూ హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు అడిగే దాకా వెళ్తున్నారు. రెండోవాడు నెట్ సెంటర్ కుర్రాడు. పాపం, అతని తప్పేమీ లేదు. ముందు వచ్చినవాడికి పెట్టిన వరసే తర్వాతి వాడికీ పెడతాడు. పిల్లవాడి నాలుగేళ్లు అక్కడ ఇరవై నిమిషాల్లో తేలిపోతాయి. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వవద్దని, ఆప్షన్ల వరస ఇంట్లో కాగితం మీద రాసుకున్నాకే సెంటర్‌కు వెళ్లాలని మేము తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాం.

కాలేజీయా, బ్రాంచా అన్న ప్రశ్నకు మా జవాబు సూటిగానే చెబుతాం. మాస్టార్లు నిలకడగా లేని కాలేజీలో సీఎస్‌ఈ కన్నా, పాఠాలు సరిగా నడిచే కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ మేలు. క్యాంపస్‌కు వచ్చే ఐటీ కంపెనీల్లో చాలావాటి పరీక్ష అన్ని బ్రాంచీల వాళ్లూ రాయవచ్చు. అక్కడ అడిగేది ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, కొంచెం కోడింగ్. ఈసీఈ చదువుతూ డేటా స్ట్రక్చర్స్ నేర్చుకున్నవాడికి సాఫ్ట్‌వేర్ తలుపు తెరిచే ఉంటుంది. సీఎస్‌ఈ చదివినవాడికి విద్యుత్ పంపిణీ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టు తలుపు తెరుచుకోదు, దానికి ఎలక్ట్రికల్ డిగ్రీ కావాలి. ఇంజినీరింగ్ శాఖల్లో ఏఈఈ పోస్టులకూ సివిల్, మెకానికల్ లాంటి డిగ్రీలే అడుగుతారు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, పైడిభీమవరం ఫార్మా పరిశ్రమలు, బొబ్బిలి గ్రోత్ సెంటర్ మన గడపలోనే ఉన్నాయి. వాటిలో ఇంజినీర్ల పని ఎక్కువగా యంత్రాలు, కరెంటు, నిర్మాణం చుట్టూనే.

ఇక బీ కేటగిరీ. యాజమాన్య కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో ఈసీఈ వచ్చిన పిల్లవాణ్ని కాదని, అరెకరం అమ్మో, బంగారం కుదువపెట్టో అదే ఊళ్లో సీఎస్‌ఈ కొనడం మాకు ఏ లెక్కన చూసినా సమంజసంగా కనిపించడం లేదు. మొదటి జీతం నెలకు పాతిక వేలు చేతికొస్తే, అద్దె, తిండి పోగా ఆ అప్పు ఎన్నాళ్లకు తీరుతుందో ఇంట్లోనే కూర్చుని వేసుకోవచ్చు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. "అమ్మాయికి మెకానికల్ ఎందుకు, ఏసీలో కూర్చునే పని చాలు" అని ఆలోచించకుండానే సీఎస్‌ఈ పెట్టిస్తున్నారు. తీరా డిగ్రీ అయ్యాక బెంగళూరు పంపడానికి మనసొప్పదు. పంపే ఉద్దేశం ఉందో లేదో ముందే మాట్లాడుకోని ఇళ్లలో ఆ డిగ్రీ బీరువాలో ఉండిపోతోంది.

బీటెక్ ఒక్కటే దారి అన్నదీ నిజం కాదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్‌తో బీఎస్సీ చేసి, ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చదివినవాళ్లు అవే కంపెనీల్లో పనిచేస్తున్నారు. పదో తరగతి తర్వాత పాలిసెట్‌తో పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా చేతికొస్తుంది, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లవచ్చు. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది, ఇంటర్ అయ్యాక గుర్తొస్తే ఆలస్యమే. ఈ మాటలు హైస్కూలు హెడ్మాస్టర్లు చెప్పాలి. ఫలితాల రోజు ఫ్లెక్సీల్లో ర్యాంకులు వేయడానికి ఉన్న ఉత్సాహంలో పదో వంతు దీనికీ ఉంటే బాగుండు.

విద్యార్థికి సలహాలు చెప్పి చేతులు దులుపుకోవడం సంపాదకీయాలకు సులువే. అసలు బాధ్యత లెక్కలు దాచుకున్నవాళ్లది. కాలేజీలు హోర్డింగుల మీద వేసే "హయ్యెస్ట్ ప్యాకేజీ" ఒక్కడిది. తల్లిదండ్రులకు కావలసింది మధ్యలో ఉన్నవాడి జీతం. బ్రాంచి వారీగా ఎంతమంది చేరారు, ఎంతమంది బ్యాక్‌లాగులు లేకుండా నాలుగేళ్లలో బయటపడ్డారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఆ జీతాల్లో నడిమి అంకె ఎంత, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక నిజంగా చేరినవాళ్లు ఎందరు, సీఎస్‌ఈలో పాఠం చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లు అక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారు. ఈ వివరాలు లేకుండా ఏ కాలేజీ పేరూ వెబ్ ఆప్షన్ల జాబితాలో ఉండకూడదన్నది మా డిమాండ్.

విజయనగరంలో 2007లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2022లో విశ్వవిద్యాలయంగా మారిన జేఎన్‌టీయూ గురజాడకు ఈ పని అప్పగించాలి. అనుబంధ గుర్తింపు కోసం కాలేజీలు ఏటా ఇచ్చే అధ్యాపకుల జాబితాలు, తన పరీక్షల విభాగంలో ఉన్న పాస్ శాతాలు విశ్వవిద్యాలయం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. లేనిది ప్లేస్‌మెంట్ల లెక్క. దాన్ని కాలేజీ నుంచి తీసుకుని, విద్యార్థులకు నేరుగా ఫోన్ చేసి కొన్నింటిని సరిచూస్తే సరిపోతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న కాగితాలను తెలుగులో, బ్రాంచి వారీగా, కౌన్సెలింగ్ నోటిఫికేషన్ రావడానికి నెల ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ చూడలేని ఇళ్ల కోసం ఒక్కో నకలును ప్రతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి.