మాంసానికి తనిఖీ ఉంది, మనిషికి లేదు

అమెరికాలో మార్కెట్‌కు మాంసం పంపే పెద్ద కబేళాల్లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ లేకుండా పశువును కోయడానికి వీల్లేదు. 1906లో వచ్చిన మాంసం తనిఖీ చట్టం నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. వ్యవసాయ శాఖ ఉద్యోగి పని జరిగినంతసేపూ అక్కడే ఉంటాడు, అనుమానం వస్తే మాంసం కదిలే లైను ఆపించగలడు. అదే లైను మీద కత్తి పట్టుకుని నిలబడిన కార్మికుడి కోసం మాత్రం అలా ఎవరూ రారు. కార్మికుల భద్రత చూడాల్సిన ప్రభుత్వ సంస్థ ఓషా అధికారి ఆ గడప తొక్కకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. కరోనా కాలంలో మాంసం ప్లాంట్లలో జరిగిన దారుణానికి మూలం ఇక్కడే ఉందని నా వాదన. మాస్కులు, శానిటైజర్ల చర్చంతా ఆ తర్వాతి సంగతి.

అప్పటి వార్తలు గుర్తున్నవారికి వివరాలు కొత్త కాదు. అయిదు పెద్ద మాంసం కంపెనీల్లోనే మొదటి ఏడాదిలో దాదాపు 59,000 మంది కార్మికులకు వైరస్ సోకిందని, 269 మంది చనిపోయారని అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం 2021 అక్టోబరులో తేల్చింది. కెనడాలోని హై రివర్, జర్మనీలోని రేడా-వీడెన్‌బ్రూక్, ఎక్కడ చూసినా ఒకటే కథ. దేశాలు, చట్టాలు, భాషలు వేరు. లైను మాత్రం ఒకటే.

వ్యాప్తి మొదలవగానే యాజమాన్యాలు, వాటిని వెనకేసుకొచ్చిన నాయకులు వేలు చూపింది ఎటువైపో తెలుసా? కార్మికుల ఇళ్ల వైపు. ఇరుకు గదుల్లో పదిమంది కలిసి ఉంటారని, ఒకే వాహనంలో ప్రయాణిస్తారని, తప్పంతా అక్కడే ఉందని చెప్పారు. (ఆ ఇరుకు గదులకు సరిపడా జీతం ఇచ్చింది ఎవరన్న ప్రశ్న మాత్రం వాళ్లకు తట్టలేదు.) రేడా-వీడెన్‌బ్రూక్‌లోని టోనీస్ ప్లాంటులో 2020 మే నెలలో మొదలైన వ్యాప్తిని తరచి చూసిన శాస్త్రవేత్తలకు వేరే చిత్రం కనిపించింది. మాంసం కోసే హాలులో ఒక కార్మికుడి నుంచి వైరస్ ఎనిమిది మీటర్లకు పైగా దూరంలో ఉన్నవారికీ చేరింది. ఆ తొలి దశలో నివాసాల పాత్ర అంతగా లేదు. అసలు దోషి గాలి. మాంసం చెడిపోకుండా హాలును చల్లగా ఉంచాలి కాబట్టి, బయటి గాలి పెద్దగా రానివ్వకుండా లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ మళ్లీ తిప్పుతారు. యంత్రాల హోరులో పక్కవాడికి వినబడాలంటే అరవాలి. పని బరువుకు ఊపిరి ఎగబోస్తుంది. మాంసానికి ఏ వాతావరణం క్షేమమో, వైరస్‌కూ అదే క్షేమం.

ఇంతా తెలిశాక ఆరడుగుల దూరం గురించి, కార్మికుల మధ్య వేలాడదీసిన ప్లాస్టిక్ తెరల గురించి ఏమనాలి? దూరం నిజంగా పాటించాలంటే లైను మీద మనుషులను తగ్గించాలి. మనుషులు తగ్గితే లైను నెమ్మదించాలి. ఆ ఒక్క మాట దగ్గరే అందరి నోళ్లూ మూతపడ్డాయి. నెమ్మదించడం అటుంచి, 2020 ఏప్రిల్‌లో, వైరస్ ప్లాంట్లను చుట్టేస్తున్న నెలలోనే, వ్యవసాయ శాఖ మరికొన్ని కోళ్ల ప్లాంట్లకు నిమిషానికి 140 కోళ్ల పరిమితి దాటి 175 దాకా నడుపుకోవచ్చని అనుమతులిచ్చింది. భద్రత మీద చిత్తశుద్ధి ఎంతో కొలవాలంటే గోడల మీది పోస్టర్లు చదవనక్కర్లేదు, లైను వేగం చూస్తే చాలు.

ఇక శిక్షల సంగతి. సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో స్మిత్‌ఫీల్డ్ ప్లాంటులో 1,294 మందికి వైరస్ సోకింది, నలుగురు చనిపోయారు. ఓషా వేసిన జరిమానా 13,494 డాలర్లు. ఆ ఉల్లంఘనకు చట్టం అనుమతించిన గరిష్ఠ మొత్తం అదేనని సంస్థ చెప్పుకుంది కూడా. జబ్బుపడ్డ ఒక్కో మనిషికి లెక్కేస్తే పది డాలర్ల పైచిలుకు. ఇదే ప్లాంటులో షిఫ్టు తప్పకుండా వచ్చినవారికి కంపెనీ ప్రకటించిన బోనస్ 500 డాలర్లు. కోవిడ్ వల్ల రాలేనివారికీ ఇస్తామని కంపెనీ వివరణ ఇచ్చింది, సరే. కానీ ఒంట్లో నలతగా ఉన్న మనిషి పరీక్ష చేయించుకుని ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉంటాడా, జ్వరం మాత్ర మింగి షిఫ్టుకు వస్తాడా?

ప్లాంట్లు మూస్తే దేశం తిండికి అల్లాడేదని ఒక వాదన ఉంది. సూ ఫాల్స్ ప్లాంటు ఒక్కటే అమెరికా పంది మాంసంలో నాలుగైదు శాతం ఇస్తుంది కనుక భయం పూర్తిగా కల్పితం కాదు. అయితే సరఫరా మొత్తాన్ని గుప్పెడు ప్లాంట్లలో కుక్కింది కార్మికులు కాదు. పైగా తిండి కొరత అని గగ్గోలు పెట్టిన ఆ వసంతంలోనే చైనాకు పంది మాంసం ఎగుమతులు జోరుగా సాగాయి. ప్లాంట్లు నడవాల్సిందేనని 2020 ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుకు పరిశ్రమే ముందుగా ముసాయిదా రాసి పంపిందని 2022లో అదే ఉపసంఘం బయటపెట్టింది.

జర్మనీ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. టోనీస్‌లో 2020 జూన్‌లో 1,500 మందికి పైగా కార్మికులకు వైరస్ సోకి, ఆ ప్లాంటున్న గూటర్స్‌లోహ్ జిల్లా మొత్తానికి మళ్లీ ఆంక్షలు వచ్చాక ప్రభుత్వం వెంటిలేషన్ గురించో మాస్కుల గురించో మాట్లాడి ఊరుకోలేదు. కాంట్రాక్టు పద్ధతి మీదే దెబ్బ కొట్టింది. రుమేనియా, బల్గేరియాల నుంచి వచ్చిన కార్మికులు టోనీస్ గేటు లోపల టోనీస్ మాంసం కోస్తూ, కాగితం మీద ఎవరో సబ్‌కాంట్రాక్టర్ మనుషులుగా ఉండేవారు. 2021 జనవరి 1 నుంచి పెద్ద కబేళాల్లో కోత పనిని సబ్‌కాంట్రాక్టుకు ఇవ్వడం నిషిద్ధం. కంపెనీలు వేలాది మందిని నేరుగా ఉద్యోగంలోకి తీసుకున్నాయి. అసాధ్యమని అంతకుముందు చెప్పిన కంపెనీలే! కబేళా అయినా, గిడ్డంగి అయినా, పారిశుధ్యం పని అయినా, నాకు ఏళ్లుగా కనిపిస్తున్నది ఇదే. మధ్యలో కాంట్రాక్టర్‌ను పెట్టుకోవడం చవక కోసమే కాదు, ప్రమాదం జరిగిన రోజు యజమాని ఎవరో తేలకుండా ఉండడం కోసం. సెలవు ఎవరినడగాలో తెలియని మనిషి జ్వరంతోనైనా పనికి వస్తాడు.

అమెరికా మాత్రం అక్కడే ఉంది. 2021 జూన్‌లో ఓషా తెచ్చిన అత్యవసర కోవిడ్ నిబంధన వైద్యరంగానికే పరిమితమైంది. మాంసం ప్లాంట్లకు మిగిలింది మార్గదర్శకాలు, అంటే పాటించకపోయినా ఏమీ కాని సలహాలు. 2024 జులైలో కొలరాడోలోని వెల్డ్ కౌంటీలో బర్డ్ ఫ్లూ సోకిన కోళ్లను చంపే పనిలో ఉన్న కార్మికులకు ఆ వైరస్ అంటుకుంది. షెడ్లలో వేడి 40 డిగ్రీలు, పెద్ద ఫ్యాన్ల గాలికి ఈకలు ఎగురుతున్నాయి, కళ్లద్దాలూ మాస్కులూ నిలవలేదు. ఆరుగురు కార్మికులు కోవిడ్‌తో చనిపోయిన గ్రీలీలోని జేబీఎస్ కంపెనీ మాంసం ప్లాంటు ఉన్నదీ ఆ కౌంటీలోనే. కార్మికుడి భద్రత కోసం లైను వేగానికి పరిమితి, ప్రాణభయం ఉన్నప్పుడు లైను ఆపించే హక్కు అమెరికా కేంద్ర చట్టంలో 2020లో లేవు, నాలుగేళ్ల తర్వాతా చేర్చలేదు.