సినిమా ఖాకీ చొక్కా గారికి బహిరంగ లేఖ

శ్రీయుత సినిమా ఖాకీ చొక్కా గారికి,

నమస్కారం. కృష్ణానగర్‌లో సినిమా దుస్తులు అద్దెకిచ్చే దుకాణంలో ఇస్త్రీ నలగకుండా క్షేమంగా వేలాడుతున్నారని తలుస్తాను.

మీ అవినీతి కథలకు నేను పాత అభిమానిని. మొదటి సగంలో మామూళ్లతో మీ జేబు ఉబ్బుతుంది, కబ్జా భూముల పంచాయితీలు మీ బల్ల మీదే తేలిపోతాయి. విశ్రాంతికి కాస్త అటూ ఇటూగా ఒక పేదింటి అమ్మాయి చనిపోతుంది. వెంటనే మీకు జ్ఞానోదయం! తినడంలో మీకు ఏ వివక్షా లేదు, ఎస్సై నుంచి హోంగార్డు దాకా అందరూ తింటారు. పశ్చాత్తాపం మాత్రం ఒక్కరికే రిజర్వు చేశారు. ఆ ఒక్కరెవరో పోస్టరు చూస్తేనే తెలుస్తుంది. పొట్ట మీద గుండీ ఊడిన హెడ్ కానిస్టేబుల్ వంద రూపాయలు తీసుకుంటే నవ్వాలి, కండలు కనిపించేలా చేతులు మడిచిన ఎస్సై కోటి తీసుకుంటే ఈల వేయాలి.

ఇక మహిళా కానిస్టేబుల్. ఆమెకు మీరు ఇచ్చేది ఒకే మాట: "సార్, ఆ అమ్మాయి నోరు విప్పడం లేదు సార్." 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి మిమ్మల్ని వేసుకుని జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చినప్పుడు మీ కొలతలు మారతాయని ఆశపడ్డాం. ఒక్క ఉతుకుకే పాత కొలతలకు వచ్చేశారు.

మీ నేమ్‌ప్లేటు సంగతీ అడగాలి. అరెస్టు చేసే పోలీసుల పేరు, హోదా స్పష్టంగా కనిపించాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఈ తీర్పును కథానాయకుడి విషయంలో అక్షరాలా పాటిస్తారు. ఆయన ప్లేటు తెర నిండా వస్తుంది, వెనక డప్పులు కూడా మోగుతాయి. పక్కనున్న నలుగురి ప్లేట్లు మసక. లాకప్‌లో ఉన్నవాడికైతే పేరే అక్కర్లేదు, "ఒరేయ్" చాలు. చనిపోయిన అమ్మాయిది ఏ పేటో, ఏ కులమో మీ కథ అడగదు. కళకు కులం అంటగట్టవద్దంటారు కదా! మరి కథానాయకుడు తొడగొట్టి వంశం పేరు చెప్పుకునేటప్పుడు ఆ నియమానికి సెలవు కాబోలు.

గుంటూరు పోలీసు స్టేషన్‌లో తాను పడ్డ చిత్రహింసలను కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ 'లాకప్' అనే పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా 'విసారణై' వచ్చింది, మన దేశం తరఫున ఆస్కార్ పోటీకీ వెళ్లింది. స్టేషన్ మనది, లాఠీ మనది, సినిమా మాత్రం తమిళం. మన మురికి బట్టలు పొరుగింటివాళ్లు ఉతకవలసి వచ్చింది.

2021లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో, దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ కస్టడీలో ప్రాణం విడిచింది. ఆమె వంటపని చేసుకుని బతికేది. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ ఉద్యోగం నుంచి తీసేశారు. ఈ కథ మీ నిర్మాతకు చెబితే ఏమంటారో నేను ఊహించగలను. "బాగుంది, కానీ ఇందులో ఎస్సై ఎప్పుడు మారతాడు?" పోనీ, ఆమె బిడ్డల వైపు నుంచి చెబుదామంటే, వాళ్లకు మార్కెట్ ఉండదు.

నా కోరిక చిన్నది. మీ స్టేషన్ సెట్టులో ఒక మూల, ఫిర్యాదులు రాసుకునే రైటర్ బల్ల ఉంటుంది. వచ్చే సినిమాలో అక్కడ పేటలో పుట్టి పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయిని కూర్చోబెట్టండి. దేవతను చేయమని అడగను. పై అధికారి చెప్పినట్టు తప్పుడు ఎఫ్ఐఆర్ రాయనివ్వండి, వాటా తీసుకోనివ్వండి, ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లనివ్వండి. మారుతుందో లేదో ఆమె ఇష్టం. దీనికంతా సమయం ఎక్కడిదంటారా? కథానాయకుడు జీపు దిగి స్టేషన్ గుమ్మం దాకా నెమ్మదిగా నడిచే నడకలో నాలుగు నిమిషాలు కోస్తే సరిపోతుంది. మీ చేతుల మడతలు విప్పనక్కర్లేదు.

ఇట్లు,
టికెట్టు కొన్న ఒక ప్రేక్షకుడు