మార్కెటింగ్ హెడ్ కావాలంటే తుగ్గలి బస్సెక్కండి

మన కర్నూలు పిల్లలు బెంగళూరు కంపెనీల్లో మార్కెటింగ్ హెడ్లు కావడానికి లక్షలు పోసి ఎంబీఏ చదవనక్కర్లేదని నా గట్టి నమ్మకం. తొలకరి పడగానే తుగ్గలి బస్సెక్కితే చాలు. చదువంతా అక్కడి చేలల్లోనే ఉంది.

వాన పడి మట్టి కొట్టుకుపోతే వజ్రాలు పైకి తేలతాయని తుగ్గలి, జొన్నగిరి వైపు ఏటా జనం పోటెత్తుతారు. అనంతపురం నుంచి వస్తారు, బళ్లారి నుంచి వస్తారు. కొందరు రోజుల తరబడి అక్కడే మకాం వేస్తారు. ఒకరికెవరికో రాయి దొరుకుతుంది. ఎవరో వ్యాపారి కొంటాడు, సంగతి పేపర్లో పడుతుంది, మర్నాడు చేలో కాలు పెట్టడానికి చోటుండదు. నడుం పట్టేసి ఉత్త చేతులతో ఇంటికి పోయినవాళ్ల గురించి ఎవరూ రాయరు. ప్రకటన లేదు, హోర్డింగు లేదు, సినిమా హీరో లేడు. ఇంత పెద్ద క్యాంపెయిన్‌కు ఒక మార్కెటింగ్ హెడ్డు లేకపోవడం జిల్లాకు తీరని లోటు. ఉండుంటే, వజ్రం దొరికినవాడి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగేవాడు. ఆ వాన కూడా తన మొదటి క్వార్టర్ ప్లాన్‌లో భాగమేనని స్లైడ్ చూపించేవాడు.

అసలు విద్య ఆ స్లైడే. మే నెలలో కర్నూలు ఎండకు కూలర్లు వాటంతటవే అమ్ముడుపోతాయి. చేతకానివాడు "ఎండలు బాగా కాశాయి సార్" అని నిజం చెప్పి ఉన్నచోటే ఉండిపోతాడు. నాయకుడనేవాడు ఎండ ఊసెత్తడు, తన జింగిల్ గురించి చెప్తాడు. మరుసటి ఏడు మే నెలలో వానలు పడి కూలర్లు గోడౌన్లో మూలిగితే, అప్పుడు మాత్రం వాతావరణ శాఖ లెక్కలన్నీ ఆయన నాలుక మీదే ఉంటాయి. అనంతపురం వేరుశనగ రైతు ఈ ఉద్యోగానికి పనికిరాడు. పంట పోతే "నా ఖర్మ" అనేస్తాడు. "ప్రతికూల పరిస్థితుల్లోనూ విత్తనం పట్ల అవగాహన పెరిగింది" అనడం ఆయనకు ఎవరూ నేర్పలేదు పాపం.

ఫైనాన్స్ వాళ్లు వచ్చి, ఇంత ఖర్చుకు అమ్మకం ఎంత పెరిగిందని అడుగుతారు. కంగారు పడకండి. "అమ్మకాలదేముందండీ, మనం బ్రాండ్ కడుతున్నాం" అనండి. ఎప్పటికి పూర్తవుతుందని అడిగే ధైర్యం ఇంతవరకు ఏ అకౌంటెంటుకూ రాలేదు.

థియరీ కూడా కాస్త కావాలి. ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే నాలుగు 'పీ'లను 1960లో మెకార్తీ అనే ప్రొఫెసర్ పుస్తకంలో పెట్టాడు. పత్తికొండ టమోటా రైతుకు వీటిలో మొదటిదొక్కటే సొంతం. ధర వేలంపాటలో పలుకుతుంది, చోటు యార్డు వాళ్లది. ఇక ప్రమోషన్ అంటారా, ధర పడిపోయి గంపలు రోడ్డు మీద పారబోసిన రోజు టీవీ వాళ్లే వచ్చి ఉచితంగా చేసిపెడతారు.

గండికోటకు 'ఇండియన్ గ్రాండ్ కేన్యన్' అని పేరు పెట్టిన మహానుభావుడికి మాత్రం కడపలో సన్మానం జరగాలి. లోయను కోసిన పెన్నకు ఎలాగూ శాలువా కప్పలేం.

చివరగా లోగో మార్చడం. ఇందులో ముహూర్తం ముఖ్యం. కోకాకోలా వాళ్లు 1985 ఏప్రిల్‌లో ఏకంగా రుచే మార్చి, జనం తిట్లకు తాళలేక జూలైలో పాతది వెనక్కి తెచ్చారు. గ్యాప్ అనే బట్టల కంపెనీ 2010లో పెట్టిన కొత్త లోగో వారం కూడా నిలవలేదు. అందుకని, ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే మీరు లోగో జోలికి వెళ్లండి. ఆవిష్కరణ సభలో కన్నీళ్లు పెట్టుకోండి, నెలాఖరుకు రిలీవ్ అయిపోండి. మీ కుర్చీలోకి వచ్చినవాడు పాత లోగోనే తిరిగి పెట్టి, 'మన మూలాల్లోకి ప్రయాణం' అని దానికి పేరు పెట్టి, మీకంటే రెట్టింపు బడ్జెట్ శాంక్షన్ చేయించుకుంటాడు.