ఎండకు ఆకు రాల్చిన చెట్టును కొట్టకండి

వానలు మొహం చాటేసిన ప్రతిసారీ ఒక సందేశం ఫోన్లలో తిరుగుతుంది. సారాంశం ఇదీ: "కాలం కాని కాలంలో నీడ చెట్టు ఆకు రాలుస్తోందంటే అది చచ్చిపోతున్నట్టే. వెంటనే కొమ్మల్లో మూడో వంతు కొట్టేయండి. మొదట్లో యూరియా వేసి రోజూ రెండు బకెట్ల నీళ్లు పోయండి. నెలలో చిగురు రాకపోతే చెట్టునే తీసేయండి." ఉన్నవి నాలుగు మాటలు, నాలుగూ తప్పుదారి పట్టించేవే.

"ఆకు రాలితే చావే" అన్నదానితో మొదలుపెడదాం, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. ఆకు దానంతట అది ఊడిపడదు, చెట్టే వదిలేస్తుంది. కాడ కొమ్మకు అతికే చోట సన్నటి కణాల వరస ఒకటుంటుంది. ఆకు బాగున్నంతకాలం దాన్నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఆ వరసను బిగువుగా ఉంచుతుంది. నీళ్లు కరువై ఆక్సిన్ తగ్గి, చెట్టులోనే పుట్టే ఇథిలీన్ అనే వాయువు పెరిగితే, ఆ కణాల మధ్య జిగురు కరిగి ఆకు విడిపోతుంది. కొమ్మ వైపు గాయం మీద బెండు పొర కడుతుంది. ఇదంతా బతికున్న కణాలు చేసే పని. గాలికి విరిగి వేలాడుతున్న కొమ్మను చూడండి: ఆకులు ఎండి గలగలలాడుతున్నా వారాల తరబడి ఊడవు. అందుకే పసుపుబారి కింద పడ్డ ఆకు కంటే, మాడిపోయి కూడా కొమ్మను పట్టుకు వేలాడే ఆకు ఎక్కువ ప్రమాద సూచన.

ఎందుకు వదులుతుందంటే, మట్టి ఎండేకొద్దీ కలపలో వేళ్ల నుంచి ఆకులకు నీరు మోసే సన్నటి గొట్టాల్లో నీటి మీద లాగుడు పెరుగుతుంది. హద్దు దాటితే నీటి ధార తెగి గాలి బుడగ చేరుతుంది, ఆ గొట్టం ఇక నీరు మోయదు. ఆకును వదులుకుంటే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ దక్కుతుంది. సాధారణంగా లోపలి వైపు ముదురాకులు ముందు పోయి, కొసల్లో లేతవి మిగిలేది ఈ లెక్కతోనే. టేకు, తురాయి, బాదం లాంటివాటికైతే పొడి రోజుల్లో ఆకు రాల్చడం పుట్టుకతో వచ్చిన గుణం.

అలాగని నష్టమే లేదనుకోవద్దు. ఆకులుండే కాలం చివర్లో రాలితే పోయేది కొద్దే. చిగురు తొడిగిన కొన్ని వారాలకే రాలితే మాత్రం, మళ్లీ చిగురించడానికి మానులో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది. వరసగా రెండు మూడేళ్లు ఇలా జరిగితే నీరసించిన చెట్టును కాండం తొలిచే పురుగు పట్టుకుంటుంది.

ఇక కొమ్మలు కొట్టడం. నీటి ఖర్చు తగ్గించడానికట! ఆ ఖర్చు చేసేది ఆకులు. వాటిని చెట్టు ముందే తగ్గించుకుంది. మనం నరికేది మొగ్గల్ని, నిల్వ పిండిని, కింది బెరడుకు మిగిలిన కాస్త నీడని. గాయాలు పూడ్చుకోవడానికీ, నరికిన చోట పుట్టే పిచ్చి చిగుళ్లకూ మళ్లీ అదే నిల్వలోంచి తీయాలి. దారి మీదో ఇంటి మీదో వాలిన ఎండు కొమ్మలుంటే తీయండి. పచ్చి కొమ్మ జోలికి పోకండి.

యూరియా మరీ చేటు. తడి లేని మట్టిలో ఎరువు కరిగిన కొద్ది నీరూ ఉప్పు శాతం ఎక్కువై, వేరుకు అందడం కష్టమవుతుంది. పీచు వేళ్లు మాడతాయి. బతికి చిగురించినా నత్రజని ఆకును ఎగదోస్తుంది, అంటే నీరు తాగే నోళ్లను పెంచుతుంది. వానలు పడి, చెట్టు నిండా ఆకు తొడిగి, లోపం కనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

రెండు బకెట్ల లెక్క చూద్దాం. చెట్టు గొడుగు, అంటే కొమ్మలు పరుచుకున్న మేర, అడ్డంగా 6 మీటర్లుంటే కింద నేల సుమారు 28 చదరపు మీటర్లు. రెండు పెద్ద బకెట్లంటే సుమారు 30 లీటర్లు, అంతటా పరిస్తే మిల్లీమీటరు వానతో సమానం, సాయంత్రానికి ఆవిరి. మాను మొదట్లోనే పోస్తే బెరడు నానుతుంది తప్ప నీరు పీల్చే వేళ్లకు చేరదు. అవి ఎక్కువగా పై 30–45 సెంటీమీటర్ల మట్టిలో, గొడుగు అంచు దాటి కూడా పాకి ఉంటాయి.

పనికొచ్చే కొలత ఇది: మాను వ్యాసం ప్రతి సెంటీమీటరుకు ఒక తడికి 15 లీటర్లు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 63 సెంటీమీటర్లైతే వ్యాసం 20, నీళ్లు 300 లీటర్లు. దీన్నీ అంతటా పరచకండి. గొడుగు అంచు దగ్గర అయిదు చోట్ల, ఒక్కోటి మీటరున్నర వెడల్పున చిన్న గట్టు కట్టి, చోటుకు 60 లీటర్లు వదలండి. 10 లీటర్ల బకెట్ అయిదు నిమిషాల్లో నిండేంత సన్నగా పైపు పెడితే చోటుకు అరగంట. మర్నాడు ఇనుప ఊచ గుచ్చండి: సులువుగా 25 సెంటీమీటర్లు దిగితే చాలినట్టే. పది, పద్నాలుగు రోజులకు ఇంకో తడి, ఈసారి చోట్లు మార్చి. నాటి రెండు మూడేళ్లు కాని మొక్కకు మాత్రం వేరు గడ్డ (నాటినప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్ద) దగ్గరే, వారానికోసారైనా పోయాలి. రాలిన ఆకులనే 5–10 సెంటీమీటర్ల మందాన పరవండి, మానుకు 15 సెంటీమీటర్లు ఎడంగా.

నీళ్లు వదిలే ముందే ఊచతో తవ్వి చూడడం మరవకండి. 15 సెంటీమీటర్ల లోతున మట్టి బురదగా, కుళ్లు వాసన వస్తూ ఉంటే అది కరువు కాదు, వేరు ఊపిరాడకపోవడం. ఆ చెట్టుకు నీళ్లు ఆపాలి.

చివరిది నెల గడువు. పెన్సిలు మందం రెమ్మల మీద బెరడు గోటితో గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణముంది. గోధుమ రంగులో పొడిగా ఉండి వంచితే ఫట్టున విరిగితే ఆ రెమ్మ పోయింది. అప్పుడు కొస నుంచి మాను వైపు వస్తూ, పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో చూడండి. గొడుగు నలువైపులా కనీసం ఎనిమిది రెమ్మలు గీకాలి. ఒకవైపు ఎండి ఇంకోవైపు బతికుండడం మామూలే. చాలాచోట్ల పచ్చ కనిపిస్తే, గడువు నెల కాదు, మంచి వానలు పడి ఆ చెట్టు జాతి చిగురించే కాలం దాటేదాకా.