ఓటు ఊళ్లో ఉన్నా అభ్యంతరం ఇక్కడ చెప్పొచ్చు

బెంగళూరు శివార్లలోని బన్నేరుఘట్ట జాతీయ పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్‌గా, అంటే క్వారీల వంటి పనులకు ఆంక్షలుండే రక్షణ వలయంగా, 2016 ముసాయిదాలో కేంద్రం చూపిన విస్తీర్ణం 268.96 చదరపు కిలోమీటర్లు. 2020 మార్చిలో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 168.84కు తగ్గింది. వంద చదరపు కిలోమీటర్ల రక్షణ పోయింది. అందుకోసం ఎవరూ గొడ్డలి ఎత్తలేదు, జేసీబీ దింపలేదు. కాగితం మీద గీత కాస్త లోపలికి జరిగింది. ఆ తర్వాత క్వారీలకు, లేఅవుట్లకు అడ్డు తగ్గుతుందని వేరే చెప్పక్కర్లేదు.

వన్యప్రాణులను కాపాడాలనగానే మనకు తోచేవి మొక్కలు నాటడం, ఆదివారం పొద్దున చెరువు గట్టున ప్లాస్టిక్ ఏరడం, పులి బొమ్మ ఉన్న టీషర్టు కొనడం. వీటిని తప్పుపట్టను. కానీ బెంగళూరు చుట్టూ గత పదేళ్లలో ఏ భూమి మిగిలింది, ఏది పోయింది అని చూస్తే, అసలు ఆట నడిచేది ఫైళ్లలోనే. సామాన్యుడి చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పదునైన పని, ఆ ఫైలు మీద గడువులోగా ఒక ఉత్తరం పడేయడం. మనవాళ్లు అతి తక్కువగా చేసేదీ అదే.

బన్నేరుఘట్ట రోడ్డు, జేపీ నగర్, ఎలక్ట్రానిక్ సిటీ అపార్టుమెంట్లలో తెలుగు వినిపించని అంతస్తు ఉండదు. పార్కుకు అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లలో మనమూ ఉన్నాం. అయినా ఇలాంటి మాట ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "మనది అద్దె ఇల్లు, ఓటు ఒంగోల్లో, మనకెందుకు?" ఓటు ఒంగోల్లో ఉంటే ఇక్కడి ఎన్నికల్లో ఓటేయడానికి మాత్రమే అడ్డం. ఎకో సెన్సిటివ్ జోన్ ముసాయిదా గెజిట్‌లో వచ్చాక 60 రోజుల్లోగా ఆసక్తి ఉన్న ఎవరైనా అభ్యంతరం, సూచన పంపొచ్చు. అక్కడ ఓటరు కార్డు అడగరు, సొంత ఇల్లుందా అని అడగరు, కన్నడ వచ్చా అనీ అడగరు. 2018లో బన్నేరుఘట్ట జోన్‌ను తగ్గిస్తూ కొత్త ముసాయిదా వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఆ రెండు నెలల్లో వేలమంది ఐటీ ఉద్యోగులు ఆ పార్కు పక్క నుంచే ఆఫీసుకు వెళ్లొచ్చారు.

ఉత్తరం ఎలా ఉండాలన్నది ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో తిరిగే ఒకే నమూనాను వందమంది పంపితే, అన్నిటినీ కలిపి ఒకే అభ్యంతరంగా కొట్టేయడం అధికారికి చాలా తేలిక. "ప్రకృతిని కాపాడండి" అనే విన్నపానికి జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు. దాని బదులు, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, అక్కడ ఫలానా తేదీన ఏనుగులు దాటాయి, ముసాయిదాలో ఫలానా పేరా ఆ ప్రాంతాన్ని ఎందుకు వదిలేసింది అని రాస్తే అది ఫైలులో నిలుస్తుంది. రేపు హైకోర్టుకో, చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికో వ్యవహారం వెళ్తే "ఈ సంగతి ముందే చెప్పాం" అనడానికి అదే ఆధారం. అభ్యంతరం పెట్టిన ప్రతిసారీ గెలుస్తామని కాదు. బన్నేరుఘట్ట విషయంలో ఎందరో రాశారు, గీత మాత్రం జరిగింది.

గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. కనకపుర రోడ్డు దగ్గరి తురహళ్లి అడవిలో ట్రీ పార్కు కట్టాలనుకున్నారు. నడకదారులు, టికెట్లు, బెంచీలు. ఉన్న అడవిని పార్కుగా మార్చడమేమిటని 2021 మొదట్లో చుట్టుపక్కల జనం రోడ్డెక్కారు, వారాల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. హెసరఘట్ట కథ ఇంకా పెద్దది. అక్కడి గడ్డి మైదానంలో 2020లో ఫిల్మ్ సిటీ అన్నారు. ఆ మైదానాన్ని కన్జర్వేషన్ రిజర్వ్ (చట్టం కింద రక్షిత ప్రాంతం) చేయాలన్న ప్రతిపాదనను 2021 జనవరిలో రాష్ట్ర వన్యప్రాణి బోర్డే తిరస్కరించింది. కోర్టు మెట్లెక్కినవాళ్లు, పక్షుల జాబితాలు దాచిపెట్టుకున్నవాళ్లు వదల్లేదు. 2024 అక్టోబరులో అదే బోర్డు 5,600 ఎకరాలకు పైగా భూమిని రిజర్వ్ చేయడానికి ఒప్పుకుంది.

హెసరఘట్ట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొక్కల పండగ మీద నా అనుమానం అక్కడే మొదలవుతుంది. గడ్డి మైదానం చూసేవాడికి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. అధికారులకు బంజరు, కార్పొరేట్ కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగానికి పదివేల మొక్కలు నాటే చోటు. అక్కడ చెట్లు పెంచితే చలికాలంలో వేల కిలోమీటర్లు దాటి వచ్చే హ్యారియర్ గద్దలకు వేటాడే నేల పోతుంది, నేల మీద గూడు పెట్టే భరత పిట్టలకు చోటు పోతుంది. మేకలు మేపుకునేవాళ్లకు మేత పోతుంది. అర్కావతి నదికి నీరందించే పరీవాహక ప్రాంతం కూడా అదే. మంచి మనసుతో మొక్క నాటి చెడు చేయొచ్చని నమ్మడం కష్టమే, కానీ జరిగేది అదే. ఆఫీసులో ఈసారి "గ్రీన్ డ్రైవ్" మెయిల్ వస్తే, నాటబోయేది ఏ భూమిలో, అంతకుముందు అక్కడ ఏముండేది అని ఒక్క ప్రశ్న అడగండి. హెచ్ఆర్ వాళ్లు ఇబ్బంది పడతారు, పడనీయండి.

పక్షుల జాబితాలంటే కాలక్షేపం అనుకునేవారు ఒక లెక్క చూడాలి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకు ఆధారం సుమారు 30 వేలమంది పక్షి పరిశీలకులు ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఉద్యోగులు, విద్యార్థులు, రిటైరైనవాళ్లే. మీ చెరువు దగ్గర పావుగంట నిలబడి చూసినవి ఫోనులో ఎక్కిస్తే, ఏళ్ల తర్వాత ఆ చెరువు గట్టున రోడ్డు వేస్తామన్నప్పుడు అది సాక్ష్యమవుతుంది.

భూమి ఎవరిదో తెలుసుకోవడం మరో పని. కర్ణాటక రెవెన్యూ శాఖ దిశాంక్ యాప్‌లో మనం నిలబడ్డ చోటి సర్వే నంబరు, అది ప్రభుత్వ భూమా కాదా అన్నది చూడొచ్చు. చెరువు శిఖమో, గోమాళమో (పశువుల మేత భూమి), రాజకాలువో (వాన నీరు పారే పెద్ద కాలువ) అని అనుమానం వస్తే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం అడగాలి. మన అలవాటు ప్రకారం చరిత్రంతా రాసి చివర్లో ప్రశ్న పెడితే తిప్పి పంపేస్తారు.

ఇక అసౌకర్యమైన మాట. కనకపుర, ఆనేకల్, డెంకణికోట వైపు 'మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్' (కంపెనీయే సాగు చూసుకునే పొలం ప్లాట్లు) ప్రకటనలకు ఎగబడేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. వీకెండ్ హౌస్, మామిడి మొక్కలు, చుట్టూ సోలార్ ఫెన్సింగ్. బన్నేరుఘట్ట, హోసూరు అడవుల మధ్య ఏనుగులు నడిచే నేల అది. 1980లలో ఏనుగులు హోసూరు వైపు నుంచే కుప్పం, పలమనేరు ప్రాంతాలకు వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పంటలు తొక్కుతున్నాయని చిత్తూరు రైతు గోడు పెడితే, 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరిమేలా శిక్షణ పొందినవి) తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మనం కంచె వేసిన ప్లాటుకూ అక్కడ మన బంధువు పొలంలో పడ్డ ఏనుగుకూ సంబంధం లేదని గట్టిగా చెప్పగలవాళ్లు ఎవరు? కొనేముందు అడగాల్సింది క్లబ్‌హౌస్ ఎప్పుడు పూర్తవుతుందని కాదు, ఆ సర్వే నంబరు ఏనుగుల దారిలో ఉందా అని. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. ఉందని తేలితే అడ్వాన్సు ఇవ్వకుండా లేచి రావడం కూడా వన్యప్రాణి సంరక్షణే, అదీ పైసా ఖర్చు లేకుండా.

చిన్నవి కొన్ని. పంజరంలో రామచిలుకను, ఇంట్లో నక్షత్ర తాబేలును పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. "అదృష్టం తెస్తుంది" అన్నా చట్టం వినదు. చిరుత కనిపించిందన్న వీడియో వస్తే అటవీశాఖకు ఫోన్ చేయండి, గ్రూపులకు పంపకండి. 2023 నవంబరులో కూడ్లు గేట్ దగ్గర దొరికిన చిరుత చివరికి ప్రాణాలతో బయటపడలేదు. జనం గుమిగూడే కొద్దీ చిరుతకూ, దాన్ని పట్టుకునే సిబ్బందికీ ప్రమాదమే.

నగరంలోని చెట్ల విషయంలో గడువు ఇంకా తక్కువ. ఒక పని కోసం 50కి మించి చెట్లు కొట్టాల్సి వస్తే ట్రీ ఆఫీసరు (చెట్లు కొట్టడానికి అనుమతిచ్చే అధికారి) ప్రజల అభ్యంతరాలు పిలవాలి, దానికి పది రోజులు. 2025లో కంటోన్మెంట్ రైల్వే కాలనీ చెట్ల కోసం జనం ఇలాగే కదిలారు, ఆ స్థలాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలం చేయాలన్న ప్రతిపాదన దాకా వెళ్లింది. ఇలాంటి నోటీసులు చాలాసార్లు కన్నడ పత్రికల లోపలి పేజీల్లో వస్తాయి. లిపి దాదాపు మనదే కాబట్టి వారం రోజులు కూడబలుక్కుంటే చదవడం వచ్చేస్తుంది. అంత ఓపిక లేకపోతే పక్క ఫ్లాటులో రెండు మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఇంటి పెద్దాయనకు కన్నడ పేపరు లేకుండా కాఫీ దిగదు. సెలవు రోజు పొద్దున వెళ్లి కూర్చుంటే నోటీసు ఆయన చదువుతారు, అభ్యంతరం మీరు టైప్ చేయొచ్చు.