చూసినవారెందరు?

న్యూయార్క్‌లో వసంతం వచ్చిందంటే నాటకాల వాళ్లకు జాబితాల కాలం. లూసిల్ లార్టెల్, డ్రామా డెస్క్, ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డుల నామినేషన్లు ఒకదాని వెంట ఒకటి వెలువడతాయి. మర్నాటికే పాత పంచాయితీ మొదలు. ఫలానా నటి పేరు ఏమైంది? ఆ మ్యూజికల్‌కు అన్ని నామినేషన్లు ఎలా దక్కాయి? ఆ ఊరి చిన్న హాళ్ల నాటకరంగమైన ఆఫ్ బ్రాడ్వే విషయంలో ఈ గొడవ అసలు ప్రశ్నను పక్కన పెట్టి సాగుతోందని మా అభిప్రాయం. జాబితాలో ఎవరున్నారన్నది తర్వాతి మాట. ఆ నాటకాలను, విజేతను తేల్చే ఓటర్లలో ఎందరు చూశారన్నది ముందు తేలాలి.

ఆఫ్ బ్రాడ్వే అంటే ప్రయోగాల పేట అని చాలామంది అనుకుంటారు. ఇప్పుడది ప్రధానంగా కుర్చీల లెక్క. 100 నుంచి 499 సీట్ల హాలయితే ఆఫ్ బ్రాడ్వే, 500 ఆపైన బ్రాడ్వే, అంటే పెద్ద హాళ్ల నాటకరంగం. అమెరికా నాటకరంగంలో అన్నిటికన్నా పేరున్న టోనీ అవార్డులు బ్రాడ్వేలోని 41 థియేటర్లకే పరిమితం. ఆ గీత దాటి టోనీ గెలిచిన నటి లోటే లెన్యా. 'త్రీపెన్నీ ఒపెరా'లో పాత్రకు 1956లో ఆమెకు ఆ గౌరవం దక్కింది. ఆ నాటకం ఆడిన క్రిస్టఫర్ స్ట్రీట్ హాలుకే 1981లో దాని యజమానురాలు లూసిల్ లార్టెల్ పేరు పెట్టారు. అటుపై 1986 నుంచి ఆమె పేరిట ఆఫ్ బ్రాడ్వేకు విడిగా అవార్డులు ఇస్తున్నారు. గీత అవతలి వాళ్లు పిలవలేదు కాబట్టి ఇవతలి వాళ్లు తమ పందిరి తాము వేసుకున్నారు. బాగానే ఉంది. కానీ పందిరి వేసినా పద్ధతి మాత్రం అవతలిదే తెచ్చుకున్నారు: కొన్ని పేర్లు, ఒక విజేత.

బ్రాడ్వేలో మామూలుగా జనం వస్తున్నన్నాళ్లూ నాటకం ఆడుతుంది. ఓటరు ఈ వారం వీలుకాకపోతే వచ్చే వారం వెళ్తాడు. ఆఫ్ బ్రాడ్వేలోని లాభాపేక్ష లేని సంస్థల హాళ్లలో అలా కుదరదు. చందాదారులకు ఏడాదికి ఇన్ని నాటకాలని ముందే మాటిచ్చి ఉంటారు కాబట్టి ఒక్కోటి కొన్ని వారాలే ఆడుతుంది. తర్వాతి నాటకం సెట్టు గుమ్మంలో కాచుకుని ఉంటుంది. అక్టోబరులో ఆడిన నాటకానికి ఏప్రిల్‌లో నామినేషన్ వస్తే, అప్పటికి సెట్టు విప్పి ఆర్నెల్లు, నటులు వేరే ఊళ్లలో. చూడనివారు ఇక చూడలేరు.

2015లో 'హామిల్టన్' అనే మ్యూజికల్ పబ్లిక్ థియేటర్‌లోని 299 సీట్ల హాల్లో మొదలైంది. ఆ ఏడాది 10 లార్టెల్ అవార్డులు గెలుచుకుని బ్రాడ్వేకు తరలింది. మరుసటి ఏడాది 11 టోనీలు అందుకుంది. దానికి అర్హత లేదనేవారు ఎవరూ లేరు, మేమూ అనం. కానీ ఊరంతా టికెట్ల కోసం ఎగబడ్డ ప్రదర్శనకూ, నెల రోజులు ఆడి దిగిపోయిన నాటకానికీ తూకం వేసేటప్పుడు, రెండో పళ్లెంలో ఉన్నదేమిటో ఓటరు చూసి ఉండాలి కదా!

మన పరిషత్తు నాటికల పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు వరుసలో కూర్చుని, ఆఖరి నాటిక దాకా కునికిపాట్లను ఆపుకుంటూ అన్నీ చూసి మార్కులేస్తారు. ఆ తీర్పుల మీద అలకలూ ఆరోపణలూ కొదవేమీ కాదు. అయినా 'మీరు మా నాటిక చూడనే లేదు' అనే మాటకు మాత్రం అక్కడ తావుండదు.

న్యూయార్క్‌లోనూ ఇందుకు దగ్గరి పద్ధతి ఒకటుంది. విలేజ్ వాయిస్ పత్రిక 1956లో మొదలెట్టిన ఓబీ అవార్డులకు నామినేషన్లే లేవు. కొద్దిమంది న్యాయనిర్ణేతలు తిరిగి చూస్తారు. స్థిరమైన విభాగాలు పెట్టుకోకుండా, ఆ ఏడాది మెచ్చదగ్గవారిని ఎందరినైనా మెచ్చుకుంటారు. చిన్న హాలుకు ఇదే నప్పుతుందని మేం భావిస్తున్నాం. కొద్దిమంది అభిరుచే రాజ్యమేలుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. పైగా నామినేషన్ల వల్లా ఓ మేలుంది: నామినేషన్ వచ్చిందంటే గెలవకపోయినా నటికి మరో వేషం దొరకవచ్చు, రచయిత నాటకాన్ని ఇంకో ఊరి థియేటర్ అడగవచ్చు. ఆ మేలు పోగొట్టమని మేం చెప్పం.

డ్రామా డెస్క్ మీద ఇంకో వాదం ఉంది. అది బ్రాడ్వేనూ ఆఫ్ బ్రాడ్వేనూ ఒకే బరిలో దింపుతుంది. నటనకూ రచనకూ అది గౌరవమే. 150 మంది ముందు పలికిన మాట 1,500 మంది ముందు పలికిన దానికి తీసిపోదు. సెట్టు, దీపాల సంగతి వేరు. అక్కడ ఊహతో పాటు డబ్బూ కనిపిస్తుంది. ఆ విభాగాలనైనా విడదీయాలి.

ఇక నామినేషన్ల పద్ధతే ఉంచుకుంటామనేవారు ఒక్క పని చేస్తే చాలు. జాబితా ప్రకటించేటప్పుడు, ప్రతి నాటకం పేరు పక్కనే దాన్ని ఓటర్లలో ఎందరు చూశారో ఆ అంకె కూడా అచ్చువేయాలి.